బాఖ్ అంటే అర్థం ఏంటి? ఇంటిపేరులో దాగిన నాలుగు స్వరాలు

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడుకుందాం. బాఖ్.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పాత ఎపిసోడ్ ఒకదాంట్లో నేను ఈ పేరుని "బాచ్" అని చదివేశాను. చివర సి, హెచ్ కనపడగానే మన నోటికి "చ" వచ్చేస్తుంది కదా! జర్మన్‌లో అలా కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు "ఖబర్" అన్నప్పుడు గొంతులోంచి గరగరమంటూ ఒక "ఖ" వస్తుంది చూడండి, అదే ఇది. పైగా జర్మన్లు దీర్ఘం తీయరు, "బఖ్" అని పొట్టిగా అంటారు. తెలుగులో బాఖ్ అని అలవాటైంది కాబట్టి నేనూ అలాగే అంటాను.

సరే, అర్థం ఏంటి? జర్మన్‌లో బాఖ్ అంటే వాగు. చిన్న సెలయేరు. అంతే! వాగు పక్కన ఉండే కుటుంబానికి అదే ఇంటిపేరైపోయింది. మనకి చెరువు, కొలను అనే ఇంటిపేర్లు లేవూ? అలాంటిదే.

ఈ మాట మీరు ఇంతకుముందే విన్నారు. మేబాఖ్ కారు తెలుసుగా? అది విల్హెల్మ్ మేబాఖ్ అనే ఇంజనీర్ ఇంటిపేరు. దాని చివర ఉన్నదీ ఈ వాగే. ఆఫెన్‌బాఖ్ అని ఇంకో సంగీతకారుడు ఉన్నారు. వాళ్ళ నాన్నది ఆఫెన్‌బాఖ్ అనే ఊరు, ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. మన దగ్గర కూడా సగం ఇంటిపేర్లు ఊళ్ళవే కదా.

ఇక మనం మామూలుగా బాఖ్ అనేది యొహాన్ సెబాస్టియన్ బాఖ్‌ని. 1685లో ఐజెనాఖ్‌లో పుట్టారు, 1750లో లైప్‌జిగ్‌లో చనిపోయారు. కానీ ఆ వంశంలో తరతరాలుగా యాభై మందికి పైగా సంగీతకారులే! ఎర్ఫుర్ట్ అనే ఊళ్ళో అయితే బాఖ్‌లు ఎవరూ మిగలని కాలంలో కూడా ఊరి వాద్యకారుల్ని "బాఖ్‌లు" అనే పిలిచేవారట. ఇంటిపేరు కాస్తా వృత్తి పేరైపోయింది.

అందుకే యూట్యూబ్‌లో వెతికేటప్పుడు ఒక చిట్కా. ఒట్టి బాఖ్ అని కొడితే ఆయన కొడుకుల పాటలు కూడా రావచ్చు. పేరు పక్కన బీ డబ్ల్యూ వీ అని కొట్టి నంబర్ ఇవ్వండి. అది పెద్ద బాఖ్ రచనల జాబితా నంబర్. 1007 ఇచ్చి చూడండి, ఒంటరి చెల్లో వాద్యం వస్తుంది. మొదటిసారి వినేవాళ్ళకి అదే బెస్ట్.

ఇప్పుడు అసలు విషయం. జర్మన్లు స్వరాలకి పెట్టుకున్న అక్షరాల్లో హెచ్ కూడా ఉంది. మనం బీ ఫ్లాట్ అనేదాన్ని వాళ్ళు బీ అంటారు, మామూలు బీని హెచ్ అంటారు. అంటే బీ, ఏ, సీ, హెచ్ అనే ఈ ఇంటిపేరుని వాయించొచ్చు! ఫోన్‌లో పియానో యాప్ తెరిచి బీ ఫ్లాట్, ఏ, సీ, బీ నొక్కండి. సీని షడ్జమం అనుకుంటే మన లెక్కలో కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, పై షడ్జమం, కాకలి నిషాదం. కొంచెం వింతగా, ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది.

బాఖ్ తన "ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్" చివరి ఫ్యూగ్‌లో ఈ నాలుగు స్వరాల్ని తీసుకొచ్చారు. అవి వచ్చిన కాసేపటికే రాతప్రతి ఆగిపోయింది. నాన్న పేరు వచ్చిన ఈ చోటే ఆయన కన్నుమూశారని కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ ఆ కాగితం మీద రాశాడు. నేటి పరిశోధకులు దీన్ని అక్షరాలా నమ్మరు. చివరి నెలల్లో బాఖ్‌కి చూపు పోయింది, ఆ పేజీ మాత్రం ఆయన స్వయంగా రాసిందే. అంటే అది అంతకు ముందుదే అయ్యుండాలి. కానీ ఆ ఫ్యూగ్ ఆ పేరు దగ్గరే ఆగిపోయిందన్నది మాత్రం నిజం. తర్వాత షూమన్, లిస్ట్ లాంటివాళ్ళు అవే నాలుగు స్వరాల మీద కొత్త రచనలు చేశారు.

ఈయన పేరు వాగు కాదు, సముద్రం అని ఉండాల్సిందని బీథోవెన్ అన్నట్టు చెప్పుకుంటారు. నాకైతే వాగే బాగుంది. ఒక చోట ఆగినట్టు కనపడినా, ఇంకో చోట మళ్ళీ పారుతూనే ఉంటుంది.

ఆ నాలుగు స్వరాలు ఈరోజే ఒకసారి వాయించి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!