నటికి చంద్రుడితో ఏం పని?

ఫాల్గుణ మాసం. తెనాలిలో మా డాబా మీద అమ్మ పొద్దున్నే వడియాలు పెడుతుంటే కాలిఫోర్నియా నుంచి మా అన్నయ్య కూతురు వీడియో కాల్ చేసింది. అక్కడ ఇంకా ముందు రోజు సాయంత్రమే. పిల్లకు పందొమ్మిదేళ్లు, చదివేది థియేటర్ ఆర్ట్స్. ఫోన్ ఎత్తానో లేదో మొదలుపెట్టింది. "అత్తా, స్టేజీ ఎక్కి నటిద్దామని కాలేజీలో చేరితే, నెల రోజులు రోజూ చందమామ బొమ్మ గియ్యమంటున్నారు. నటికి చంద్రుడితో ఏం పని చెప్పు?"

కాగితం కెమెరాకి అడ్డం పెట్టి చూపించింది. తేదీ, టైము, దిక్కు, ఎత్తు అని నాలుగు గడులు, పక్కన గుండ్రటి ఖాళీ. అందులో ఆ రోజు కనిపించిన చంద్రరేఖ గియ్యాలి. ఎత్తు కొలవడానికి పరికరమేమీ ఇవ్వలేదు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి చంద్రుడి దాకా ఎన్ని పిడికిళ్లు పడితే అన్ని పదులు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడి గాల్లో పిడికిళ్లు పేరుస్తుంటే ఎదురింటివాళ్లు వింతగా చూస్తున్నారట.

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ అంటే సుమారు 120 క్రెడిట్లు. అందులో మంచి వాటా సొంత సబ్జెక్టుకు బయటే చదవాలి. దాన్ని జనరల్ ఎడ్యుకేషన్ అంటారు, పిల్లల నోట్లో 'జీఈ'. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో నాటకాలు చదివినా, చరిత్ర చదివినా ఒక భౌతిక విజ్ఞాన కోర్సు, ఒక జీవశాస్త్ర కోర్సు, వాటిలో ఒకదానికి ల్యాబు, ఒక గణిత కోర్సు తప్పవు. ఎంఐటీ అయితే ఇంకా గట్టిది. అక్కడ ఎకనామిక్స్ చదివేవాడూ రెండు సెమిస్టర్ల కాలిక్యులస్, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్, ఒక కెమిస్ట్రీ, ఒక బయాలజీ దాటాల్సిందే.

తప్పించుకోలేని చదువుకి పిల్లలు ముద్దుపేర్లు పెట్టకుండా ఉంటారా? తేలికపాటి జియాలజీ కోర్సు 'రాక్స్ ఫర్ జాక్స్', అంటే ఆటగాళ్లకు రాళ్లన్నమాట. లెక్కలు తగ్గించిన భౌతికశాస్త్రం 'ఫిజిక్స్ ఫర్ పోయెట్స్'. ఈ రెండో పేరుతో 1970లో ఏకంగా పాఠ్యపుస్తకమే వచ్చింది. కవికి ఫిజిక్స్ పలచన చేసి పొయ్యాలని ఎవరు చెప్పారో గానీ, మన అవధానుల ధారణ చూసినవాళ్లు ఆ మాట అనరు.

ఇంతకీ ఇదంతా దేనికి? మన రోహిణి కార్తెనే తీసుకోండి. రోళ్లు పగిలే ఎండలెందుకని ఎవరినైనా అడగండి. సూర్యుడు దగ్గరకొస్తాడు కాబట్టి అని చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు. నేనూ అలాగే చెప్పేదాన్ని. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం సంక్రాంతికి పిండివంటల హడావుడిలో ఉన్నప్పుడు. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. ఎండాకాలానికి కారణం దూరం కాదు, భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరగడం.

ఇదే ప్రశ్నను 1987లో హార్వర్డ్ యూనివర్సిటీలో స్నాతకోత్సవం రోజున కెమెరా పెట్టి అడిగారు. 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే డాక్యుమెంటరీ అది. నల్ల గౌన్లు వేసుకున్న కొత్త పట్టభద్రులు, పాత విద్యార్థులు, అధ్యాపకులు కలిపి 23 మంది. ఋతువుల గురించో, చంద్రకళల గురించో అడిగితే 21 మంది తప్పు చెప్పారు. తడబడలేదు కూడా, నవ్వుతూ, చేతులు తిప్పుతూ చెప్పారు. వాళ్లలో సైన్సు కోర్సులు పాసైనవాళ్లు లేకపోలేదు. కోర్సు వాళ్లకు తెలియని సంగతులు చేర్చింది గానీ, చిన్నప్పుడు తలలో పాతుకున్న దాని జోలికి వెళ్లలేదు.

అదే హార్వర్డ్‌కు 1933 నుంచి 1953 దాకా అధ్యక్షుడుగా ఉన్న జేమ్స్ కోనంట్‌కు ఈ చిక్కు ముందే తట్టింది. ఆయన స్వతహాగా రసాయన శాస్త్రవేత్త. జనరల్ ఎడ్యుకేషన్ మీద ఆయన వేయించిన కమిటీ నివేదిక 1945లో వచ్చింది. ఎర్ర అట్ట మూలంగా దానికి 'రెడ్‌బుక్' అనే పేరు స్థిరపడింది. మామూలుగా అధ్యక్షులు నివేదికకు ముందుమాట రాసి ఊరుకుంటారు. కోనంట్ సుద్దముక్క పట్టుకుని, సైన్సు సబ్జెక్టు కాని పిల్లలకు తనే పాఠం చెప్పాడు. సూత్రాలు వల్లె వేయించలేదు. గాలికి బరువుందని, ఒత్తిడుందని జనం ఎలా నమ్మారు? బాయిల్ గాలి పంపుతో ఏం చేశాడు? వస్తువు మండితే ఫ్లోజిస్టన్ అనేదేదో బయటికి పోతుందని తెలివైనవాళ్లే ఎందుకు నమ్మారు, ఎందుకు మానుకున్నారు? ఒక్కో గొడవనూ కోర్టు కేసులా విప్పేవాడు.

ఆ కోర్సుకు సాయంగా ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్న థామస్ కూన్ అనే కుర్రాడిని పిలిచాడు. పాఠం తయారీ కోసం కూన్ 1947లో అరిస్టాటిల్‌ను తిరగేశాడు. ఇంత గొప్పవాడు చలనం గురించి ఇన్ని పిచ్చి మాటలెలా రాశాడని తల పట్టుకున్నాడు. ఒకరోజు గదిలో కూర్చుని కిటికీలోంచి చూస్తుండగా తట్టిందట, అవి పిచ్చి మాటలు కావు, అరిస్టాటిల్ వేసుకున్న ప్రశ్నలే వేరని. ఆ తట్టడంలోంచే 1962లో 'ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రివల్యూషన్స్' వచ్చింది. ఈ రోజు ప్రతి మేనేజ్‌మెంట్ గురువూ వాడే 'పారడైమ్' అనే మాటకు ఊపునిచ్చింది ఆ పుస్తకమే. దాన్ని కూన్ కోనంట్‌కు అంకితమిచ్చాడు. సైన్సు చదవనివాళ్ల కోసం పాఠం రాయబోయి సైన్సు చరిత్రనే మార్చిన మనిషి అతను. అందుకే ఇలాంటి కోర్సు ఖాళీగా ఉన్న లెక్చరర్‌కు అంటగట్టేది కాదని నా గట్టి నమ్మకం.

పాల్ హెవిట్ దారి వేరు. సైన్‌బోర్డులు రాసుకుని, కార్టూన్లు గీసుకుని, ఆలస్యంగా కాలేజీ మెట్లెక్కి, శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాడు. 1971లో వచ్చిన ఆయన 'కాన్సెప్చువల్ ఫిజిక్స్'లో బొమ్మలూ ఆయనవే. ముందు సంగతి అర్థం కానివ్వండి, లెక్క తర్వాత చేద్దాం అంటాడు. 2010లో హార్వర్డ్ వాళ్లు వంటతో సైన్సు చెప్పే కోర్సు తెచ్చారు. అందులో ల్యాబు అయ్యాక ప్రయోగాన్ని తినెయ్యొచ్చు.

సైన్సుకు ఇన్ని వేషాలు దొరికాయి గానీ గణితం దగ్గర బండి మొరాయించింది. డిగ్రీకి కావలసిన ఒక్క లెక్కల కోర్సూ దాటలేక, దానికి ముందున్న రెమెడియల్ ఆల్జీబ్రా మెట్ల మీదే చదువు మానేసినవాళ్లు అమెరికన్ కమ్యూనిటీ కాలేజీల్లో కొల్లలు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2013లో ఒక పని చేసింది. ఆల్జీబ్రా రెమెడియల్ అవసరమని తేల్చిన 907 మందిని లాటరీ వేసి మూడు జట్లు చేసింది. రెండు జట్లకు మామూలు ఆల్జీబ్రా, వాటిలో ఒకదానికి అదనంగా వర్క్‌షాపు. మూడో జట్టును నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, వర్క్‌షాపు సాయమిచ్చింది. ఉత్త ఆల్జీబ్రా జట్టులో పాసైంది సుమారు 39 శాతం. స్టాటిస్టిక్స్ జట్టులో సుమారు 56 శాతం. పై మెట్టు మీద నిలబెడితే ఎక్కువమంది నిలబడ్డారు.

ఆల్జీబ్రా వదిలేస్తే రేపు ఇంజినీరింగ్ వైపు మళ్లాలనుకున్న పిల్లకు తలుపు మూసేసినట్టే కదా అన్నవాళ్లున్నారు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కానీ నటికో, న్యాయవాదికో ఏ లెక్క అక్కరకొస్తుందో చూడండి. వెయ్యిమందిలో ఒక్కరికుండే జబ్బు. అది లేనివాళ్లలో నూటికి ఐదుగురికి పొరపాటున 'ఉంది' అని చూపే రక్తపరీక్ష. హెల్త్ క్యాంపులో మీకు పాజిటివ్ వచ్చింది. భయపడాలా? వెయ్యిమందికీ పరీక్ష చేస్తే పొరపాటు పాజిటివ్‌లే దాదాపు 50, అసలు రోగి ఒక్కరు. అంటే మీ చేతిలోని రిపోర్టు నిజమయ్యే అవకాశం యాభయ్యొకటిలో ఒకటి. దీనికి కావలసింది ఐదో తరగతి లెక్కే. అయినా ఈ ఒక్క పాఠం తెలియక ఎన్ని కుటుంబాలు రాత్రంతా ఏడ్చి ఉంటాయో.

అమెరికన్ బడిపిల్లలు అంతర్జాతీయ పరీక్షల్లో చాలా దేశాల వెనకే ఉంటారు. అయినా సైన్సు వార్త చదివి అర్థం చేసుకోగల పెద్దవాళ్లు అక్కడ 1980ల చివర సుమారు 10 శాతం ఉంటే, 2000ల మధ్యకి 28 శాతానికి పెరిగారని జాన్ మిల్లర్ అనే పరిశోధకుడు లెక్కగట్టాడు. కాలేజీలో బలవంతంగా చదివించిన ఆ ఏడాది సైన్సే ఇందుకు ముఖ్య కారణమంటాడు.

మనదగ్గర బలవంతం ముందే అయిపోతుంది, అదీ తిరగేసి. పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. పదహారేళ్లకు గీత గీస్తాం. ఎంపీసీ వాడికి గుండెలో ఎన్ని గదులో మళ్లీ ఎవరూ చెప్పరు. సీఈసీ పిల్లకు సంభావ్యత అనే మాట వినపడదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు వైస్‌చాన్స్‌లర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1948–49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ అధ్యక్షుడిగా మన కాలేజీల్లో జనరల్ ఎడ్యుకేషన్ రావాలని సిఫార్సు చేశారు. ఆ సిఫార్సుకు ఏం జరిగిందో నా బీకామే సాక్ష్యం.

సుప్రీంకోర్టు ఆదేశాల పుణ్యమా అని డిగ్రీలో అందరికీ పర్యావరణ పేపరు ఉండేది. మా కాలేజీలో అది శనివారం ఆఖరి పీరియడ్. పరీక్ష ముందు రాత్రి గైడు కొని, చిత్తడి నేలల ప్రాముఖ్యత అయిదు పాయింట్లు బట్టీ పట్టాను. అది 2006. అదే రోజుల్లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెగ్గొడుతున్నారు. పేపరు నిండా అవే ఫొటోలు. మా క్లాసులో కొల్లేరు పేరు ఒక్కసారీ రాలేదు.

2022 డిసెంబరులో యూజీసీ తెచ్చిన డిగ్రీ చట్రంలో ఇతర రంగాల కోర్సులకు 9 క్రెడిట్లు కేటాయించారు. ప్లస్ టూలో చదివిందే మళ్లీ తీసుకోకూడదని షరతూ పెట్టారు. కాగితం మీద చక్కగా ఉంది. శనివారం ఆఖరి పీరియడ్ ఎవరికిస్తారో చూడాలి.

ఇంతలో అమ్మ పిండి చేతులతోనే ఫోన్ దగ్గరకొచ్చి మనవరాలు గీసిన బొమ్మ చూసింది. "ఇదేంటే, నీ చంద్రుడు కుడిపక్కకి ఒరిగాడు? నిన్న మాకు దోనెలాగా చక్కగా పడుకున్నాడే!"

"నిజంగానా నానమ్మా?"

నిజమే. పూర్వం నెలవంక కొమ్ముల్లో ఏది పైకి లేచిందో చూసి ధరలు చెప్పేవాళ్లని అమ్మ అందుకుంది. దానికి శృంగోన్నతి అని పేరు, సూర్యసిద్ధాంతంలో ఆ లెక్కకు ఒక అధ్యాయమే ఉంది. ధరల సంగతి మా పిల్ల పట్టించుకోలేదు. "తెనాలి లాటిట్యూడ్ ఎంతత్తా?" అంది. పదహారు. తనుండేది ముప్పై నాలుగు. కాసేపు మాట్లాడలేదు. కాగితం అటూ ఇటూ తిప్పింది. "పద్దెనిమిది డిగ్రీల తేడా... నేనే ఒరిగి నిలబడ్డానన్నమాట" అని ఏదో రాసుకుంది. "నానమ్మా, ఇవాళ ఏడింటికి మీరు కూడా కొలిచి చెప్పాలి."

సాయంత్రం ఏడింటికి అమ్మ డాబా ఎక్కింది. పడమటి వైపు చెయ్యి చాచి, పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ పోయింది. "మూడు, ఇంకాస్త" అంది. "రాసుకున్నావా?"