రొయ్యలు నింపి కాల్చిన ఆలుగడ్డలు

మన రావల్కోల్‌కు సముద్రము దూరము. కనుక ఈ వంటకు ఎక్కువకాలము నిలువయుండే ఎండు రొయ్యలనే మేము సూచిస్తున్నాము. ఓవెన్ లేదని చింతపడనక్కరలేదు.

నాలుగు ఆలుగడ్డలను తొక్కతోనే కడిగి, కట్టెల పొయ్యి నిప్పులలో తిప్పుతూ సుమారు ముప్పావుగంట కాల్చండి. పుల్ల సులువుగా దిగితే చాలు.

పిడికెడు రొయ్యల తలలు, తోకలు తీసి, దోరగా వేయించి, వేడినీళ్లలో రెండుసార్లు కడగండి. ఇసుక, అధికమైన ఉప్పు పోతాయి. ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు, కారముతో నూనెలో వేపండి. దుంప చీల్చి, కొంత గుజ్జు కలిపి, తిరిగి నింపండి. ఉప్పు చివరనే చూడండి.

ఆకుపచ్చబడి చేదెక్కిన దుంపలను పారవేయండి. ఆ విషము కాల్చినా పోదు. రొయ్యలు కొందరికి పడవు. దద్దుర్లు, ఆయాసము వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చు. అతిథిని ముందుగా అడిగి వడ్డించడము కూడ ఆతిథ్యమే.