వేరుశనగ ధరకు పగ్గాలు ఎక్కడ?

పూర్వపు అనంతపురం జిల్లాలో ఖరీఫ్ కాయ మార్కెట్టుకు చేరే వేళ వ్యాపారి చూపు రెండింటి మీద ఉంటుంది: వాన ఎంత పడిందన్నది ఒకటి, ఢిల్లీ నుంచి ఏ ఉత్తర్వు వెలువడిందన్నది రెండవది. సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఈ మెట్ట సీమలో మొదటి భయం పాతదే. రెండవదానికే లెక్క కుదరదు.

వంటనూనెల దిగుమతి చాలాకాలం స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలో ఉండేది. 1994లో పామోలిన్ దిగుమతికి ప్రైవేటు వర్తకులను అనుమతించారు. అప్పటి నుంచి పగ్గం దిగుమతి సుంకానికి మారింది. ముడి పామాయిల్ మీద మూల సుంకాన్ని 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే చివరలో 10 శాతానికి తగ్గించారు. తొమ్మిది నెలలు తిరగక ముందే! వేరుశనగ నూనె ఖరీదు వేరే అయినా, చౌక నూనె దిగితే గిరాకీ అటు మళ్ళుతుంది. మిల్లర్లు కాయ కొనడానికి వెనుకాడతారు.

ఇతర ఆసియా దేశాల పద్ధతి ఒక్కటిగా లేదు. మలేషియాలో 1980 నుంచే కౌలాలంపూర్‌లో పామాయిల్ వాయిదా వ్యాపారం నడుస్తున్నది. రానున్న నెలల ధర అక్కడి మిల్లరుకు ముందే కనిపిస్తుంది. చైనా 2021 ఫిబ్రవరిలో జెంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో వేరుశనగ పప్పుకే వాయిదా వ్యాపారం తెరిచింది. ఇండోనేషియా ప్రభుత్వమైతే 2022 ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతినే ఆపి, మూడు వారాలు దాటాక వదిలింది.

మన దేశంలో 1952 చట్టం వాయిదా వ్యాపారాన్ని అదుపులోకి తెచ్చింది. 1960వ దశకంలో నూనెగింజలలో అది చాలావరకు నిషేధానికి గురైంది. తరువాత సడలించినా, 2021 డిసెంబరులో ముడి పామాయిల్ సహా ఏడు సరకులలో సెబీ మళ్ళీ నిలిపివేసింది. ధర పడితే కాచుకునే చోటు లేనప్పుడు వ్యాపారి స్టాకు తగ్గించుకుంటాడు, తెలిసిన మండీతోనే అరువు నడుపుతాడు. దీనిని పిరికితనమనడం తగదు.

మద్దతు ధర 2025-26 ఖరీఫ్‌కు క్వింటాలు 7,263 రూపాయలు. కొనుగోలు కేంద్రం తెరిచి, సరకు నాణ్యత ఒప్పితేనే అది ధర. లేకుంటే కాగితం మీది అంకె.

పప్పు ఎగుమతికి అఫ్లటాక్సిన్ పరీక్ష తప్పదు. కోత వేళ వాన తగిలి కాయకు బూజు పడితే, ఎగుమతికి పనికిరాని సరకు నూనె మిల్లుకే పోవాలి. అక్కడ మళ్ళీ పామాయిల్ ధరే ఎదురవుతుంది.