కాంట్రాక్టులో ఆ ‘ఇఫ్’ చూశారా?

గల్ఫ్‌కు బయల్దేరే మనవాళ్లు చాలామంది కొనే పుస్తకం స్పోకెన్ ఇంగ్లిష్. అందులో షరతు వాక్యాల పాఠానికి వచ్చేసరికి ‘నేను పక్షినైతే ఎగిరిపోయేవాణ్ణి’ వంటి ఉదాహరణే ఉంటుంది. దోహాలో పక్షి గురించి మాట్లాడే అవసరం ఎవరికొస్తుంది? ‘ఇఫ్’, ‘అన్‌లెస్’ అర్థం కాకపోతే మాత్రం నెలకు 800 రియాళ్ల దాకా తేడా వస్తుంది.

ఖతార్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్లు. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. యజమాని వసతి ఇవ్వకపోతే మరో 500, భోజనం పెట్టకపోతే ఇంకో 300 కలపాలి. రెండూ షరతులే.

ఇండస్ట్రియల్ ఏరియా వైపు మా జిల్లా కుర్రాళ్లు ఉండే గదికి శుక్రవారాలు వెళ్తుంటాను. ‘అన్‌లెస్ ఫుడ్ ఈజ్ ప్రొవైడెడ్, ద ఎంప్లాయర్ షల్ పే 300 రియాల్స్’ అని కాగితం మీద రాసి అర్థం అడిగాను. “అన్నం పెడితే 300 కూడా ఇస్తరన్నట్టు కదన్నా?” అన్నాడొకడు. తెలివితక్కువై కాదు. తెలుగులో ‘పెట్టకపోతే’ అన్నప్పుడు కాదనడం క్రియలోనే వినపడుతుంది. ఇంగ్లిష్‌లో అది ‘అన్‌లెస్’ లోపల దాక్కుంటుంది. వాక్యంలో ‘నాట్’ కోసం వెతికి, అది కనపడక అర్థాన్ని తిరగేస్తాం. రాసేటప్పుడు మనమే ఒక ‘నాట్’ అదనంగా చేర్చినా అంతే.

ఇంకో చిక్కు మన ‘తే’. ‘జూన్ వస్తే మధ్యాహ్నం బయటి పని ఉండదు’ అంటాం. జూన్ ఎలాగూ వస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌లో అది ‘వెన్’. ఇక్కడి నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని చేయించకూడదు. అదే నిబంధనలో అసలైన ‘ఇఫ్’ కూడా ఉంది. వేడి, తేమ, ఎండ, గాలి అన్నీ కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32.1 డిగ్రీలు దాటితే, గంట ఎంతైనా పని ఆపాలి. మొదటిది క్యాలెండర్ చూస్తే తెలిసేది, రెండోది మీటరు చూస్తే తెలిసేది. తెలుగులో రెంటికీ ఒకటే ‘తే’ సరిపోతుంది.

మరి ఊహకు? ‘డబ్బుంటే కొంటాను’, ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ చూడండి. ముందు సగం ఏమీ మారలేదు, లేదన్న సంగతి చివరి ‘వాణ్ణి’ చెబుతోంది. ఇంగ్లిష్ అలా ఊరుకోదు. ముందు సగంలో ‘హ్యావ్’ను ‘హ్యాడ్’ చేసి, తర్వాతి సగంలో ‘వుడ్’ పెడుతుంది. మనం ‘వుడ్’ను రెండు చోట్లా పెట్టేది ఇందుకే. అరబీలో అయితే జరగగలిగేదానికి ‘ఇదా’, ఉత్త ఊహకు ‘లౌ’ అని మాటలే వేరు. అన్నట్టు, రోజుకు పదిసార్లు వినే ‘ఇన్‌షా అల్లా’లో మొదటి ‘ఇన్’ కూడా ‘ఇఫ్’ అన్నమాటే!

ఫిర్యాదు రాసేటప్పుడు మాత్రం ఈ ఊహా వాక్యాల జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను. ‘జీతం వచ్చి ఉంటే ఇంటికి పంపేవాణ్ణి’ అనే బాధను ఇంగ్లిష్‌లోకి మార్చబోయి ‘ఇఫ్ ఐ గెట్ శాలరీ, ఐ విల్ సెండ్’ అని రాస్తే, చదివేవారికి జీతం ఆగిందన్న సంగతే తెలియదు. ఏ నెల జీతం రాలేదో, ఎంత రావాలో రాస్తే చాలు.

కోడ్‌లో ‘ఇఫ్’ రాస్తే, అలా జరగకపోతే ఏమిటన్నదీ చూసుకుంటాం. కాంట్రాక్టును కూడా అలాగే చదవాలి. ‘ఫుడ్ ప్రొవైడెడ్’ అని ఉంటే, పెట్టని రోజున ఏమిటని అడగాలి. హైదరాబాద్‌లోని ఖతార్ వీసా సెంటర్‌లో సంతకం పెట్టేముందే అడగడం మేలు. ఇక్కడికి వచ్చాక తేడా వస్తే, చట్టం ప్రకారం చెల్లేది అరబీ ప్రతే. అనువాదం ఎంత బాగున్నా దాని తర్వాతే.

ఉద్యోగం వదిలేటప్పుడూ ‘ఇఫ్’లే. సర్వీసు ఏడాది నిండితే, ఏడాదికి కనీసం మూడు వారాల మూలవేతనం గ్రాట్యుటీగా రావాలి. 1,000 రియాళ్ల జీతగాడికి అది సుమారు 700. కంపెనీ మారడానికి 2020 సంస్కరణల తర్వాత పాత యజమాని ఎన్ఓసీ అక్కర్లేదు, కానీ నోటీసు ఇవ్వాలి. సర్వీసు రెండేళ్లు లేదా అంతకంటే తక్కువైతే ఒక నెల, రెండేళ్లు దాటితే రెండు నెలలు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు షరతులు వేరు. ఊళ్లో తమ్ముడో బావమరిదో వీసా వచ్చిందని ఫోన్ చేస్తే, కాంట్రాక్టు ఫొటో పంపమనండి. అందులో ‘ఇఫ్’, ‘అన్‌లెస్’, ‘ప్రొవైడెడ్ దట్’ ఎక్కడున్నాయో గీత గీసి, ఒక్కో వాక్యాన్నీ తెలుగులో అతని చేతే చెప్పించండి.