ఆర్కిడ్‌కు ఎంత కుండీ కావాలి? అందులో ఏం నింపాలి?

ప్రశ్న: మాది బీదర్ దగ్గర జనవాడ. నర్సరీ నుంచి తెచ్చిన డెండ్రోబియం ఆర్కిడ్ వేర్లు చిన్న కుండీలోంచి బయటికి వేలాడుతుంటే, ఇరుకైందనుకొని పెద్ద తొట్టిలోకి మార్చాను. మంచి ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు వేశాను. రెండు నెలలకే ఆకులు ముడతలు పడ్డాయి. ఎందుకిలా అయింది? మళ్లీ ఎలా మార్చాలి?

జవాబు: వేర్లు బయటికి రావడం ఈ మొక్క స్వభావం. అంతమాత్రాన కుండీ ఇరుకైనట్టు కాదు. డెండ్రోబియం, వాండా, ఫెలనాప్సిస్ వంటివి అడవిలో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. మన వైపు మామిడి, ఇప్ప చెట్లను పట్టుకొని కనిపించే బదనికల్లో ఒకటి ఆర్కిడే. 1795లో విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దాన్ని బొమ్మతో సహా వర్ణించాడు. ఇప్పుడు దాన్ని వాండా టెసెల్లాటా అంటున్నారు. అది చెట్టు రసం పీల్చదు, బెరడును పట్టుకొని ఉంటుందంతే. వాన పడితే దాని వేర్లు తడుస్తాయి, ఎండ రాగానే ఆరిపోతాయి.

ఆ వేరును దగ్గరగా చూడండి. పైన తెల్లటి మందపాటి పొర ఉంటుంది. దాని పేరు వెలామెన్. అందులోవి ప్రాణం లేని ఖాళీ కణాలు. నీళ్లు తగిలిన నిమిషాల్లోనే స్పంజిలా పీల్చుకుంటాయి. అప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది, ఆరాక వేరు మళ్లీ వెండి రంగుకు వస్తుంది. ఇలాంటి వేరుకు తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టిలో పూడిస్తే గాలి అందక కుళ్లుతుంది. వేరు కుళ్లాక చుట్టూ ఎంత నీరున్నా ఆకుకు చేరదు. అందుకే ఆకు దాహం వేసినట్టు ముడుచుకుంటుంది. అది చూసి మనం ఇంకా నీళ్లు పోస్తాం. చాలా ఆర్కిడ్లు పోయేది ఇక్కడే.

పెద్ద కుండీ చేసే కీడు కూడా ఇదే. వేర్లున్న చోట తడిని అవి తాగేస్తాయి, వేర్లు చేరని చోట తడి అలాగే నిలుస్తుంది. పై పొర ఎండినట్టే కనిపిస్తుంది, నడిమధ్యలో మాత్రం పదార్థం చివుకుతూ ఉంటుంది. కాబట్టి ఆకుల పొడవు చూసి కాక, చచ్చిన వేర్లు తీసేశాక మిగిలిన వేర్ల గుత్తిని చూసి కుండీ ఎంచుకోండి. దానికన్నా ఒక అంగుళం వెడల్పు ఎక్కువుంటే చాలు. బతికిన వేర్లు కొన్నే మిగిలితే, పాత కుండీకన్నా చిన్నది తీసుకోవడానికీ సందేహించకండి.

కుండీ ఎంత, లోపల ఏం వేయాలి అన్నవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, నా లెక్కలో రెండూ ఒకటే: నీళ్లు పోసిన కుండీ మీ ఇంట్లో ఎన్నాళ్లకు ఆరుతుంది? బీదర్ పీఠభూమి మీద ఈ జవాబు కాలాన్ని బట్టి బాగా మారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు, మధ్యాహ్నపు పొడి గాలికి ఉత్త బొగ్గు నింపిన కుండీ ఒక్క పూటలో ఎండిపోతుంది. శ్రావణ మాసపు ముసురులో కొబ్బరి పీచు నింపిన కుండీ వారమైనా ఆరదు. అందుకే కేరళవాళ్లకో థాయ్‌లాండ్‌వాళ్లకో కుదిరిన పాళ్లు మీకు కుదరకపోవచ్చు.

మీ డెండ్రోబియానికి నేను చెప్పేది ఇది: రెండు పాళ్లు కొబ్బరి డొక్క ముక్కలు, ఒక పాలు కట్టెబొగ్గు, ఒక పాలు ఇటుక లేదా పెంకు ముక్కలు. అన్నీ అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉండాలి. జల్లెడ పట్టి పొడి తీసేయండి, ఆ పొడే గాలి సందులను పూడ్చేది. డొక్క ముదురు కాయదైతే మేలు. బొండాల బండి దగ్గర దొరికే లేత డొక్క త్వరగా చివుకుతుంది. ముక్కలను మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి, ఉప్పూ ఎర్రటి వగరు రసమూ దిగిపోతాయి. బొగ్గు వంటచెరకు బొగ్గే కావాలి, రాక్షసి బొగ్గు పనికిరాదు.

మీ ప్రాంతపు ఎర్రరాయి కూడా పనికొస్తుంది. బీదర్ పక్కన నౌబాద్‌లో బహమనీల కాలంలో తవ్విన కరేజ్ సొరంగం ఈ రాతిలోదే. రాతి సందుల్లోంచి ఊరే నీటిని ఊరికి అందించడానికే దాన్ని తొలిచారు. గట్టి ముక్కలను కడిగి ఇటుకకు బదులు వేసుకోవచ్చు. వేళ్ల మధ్య నలిపితే పొడి రాలే మొరం మాత్రం వద్దు, తడిస్తే బంకగా మారుతుంది.

కుండీ మట్టిదే ఎంచుకోండి, అడుగునే కాక పక్కలకూ చిల్లులున్నది. గోడల్లోంచి తడి ఆవిరై వేర్లు చల్లగా ఉంటాయి. ఎండాకాలంలో దాన్ని ఇంకాస్త పెద్ద ఖాళీ కుండీలో దించి, మధ్య సందులో తడి ఇసుక పోస్తే మరీ త్వరగా ఎండదు. ఇసుక మట్టం మాత్రం పక్క చిల్లులకు కిందే ఉండాలి.

ఇక మార్చే పని. మొక్కను తీసి మట్టి అంతా మెల్లగా కడిగేయండి. ఒక్కో వేరునూ నొక్కి చూడండి. గట్టిగా ఉన్నది బతికినట్టే. పై పొర తొడుగులా జారి లోపల దారం మిగిలితే అది చచ్చింది, కత్తిరించండి. కత్తెరను ముందుగా మంట మీద కాల్చండి, ఆర్కిడ్ల వైరస్‌లు కత్తెర మీదుగానే ఒక మొక్క నుంచి మరొకదానికి పాకుతాయి. కోసిన కొనలు ఒక రోజు నీడలో ఆరనివ్వండి.

డెండ్రోబియం ఒకే వైపు ముందుకు సాగుతూ కొత్త కాడలు వేస్తుంది. పాత కాడలను కుండీ అంచుకు ఆనించి, కొత్త మొలక వైపు రెండేళ్ల ఎదుగుదలకు చోటు వదలండి. ఫెలనాప్సిస్ నిలువుగా పెరిగేది కనుక నడుమే నాటాలి. అది నర్సరీ నుంచి వచ్చినదైతే వేర్ల మధ్య చిన్న నాచు ముద్ద దాగి ఉంటుంది, వెతికి తీసేయండి. కాడల మొదళ్లు కూరుకుపోకుండా పైనే ఉండాలి. మొక్క ఊగుతుంటే కర్రకు కట్టండి, కదిలితే లేత వేరు కొనలు చితికిపోతాయి.

బాగున్న మొక్కనైతే తొలకరి పడి, కొత్త మొలక అడుగున వేర్లు పొడుచుకొస్తున్నప్పుడు మార్చడం మంచిది. మీ మొక్క కుళ్లుతోంది కనుక ఏ నెలైనా ఆగొద్దు, ఇవాళే తీయండి. నాటాక వారం పాటు నీడలో ఉంచి, పొద్దున ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. ఎరువు మాత్రం కొత్త వేరు కొనలు పచ్చగా కనిపించేదాకా ముట్టించకండి.