అడవి కోసం నిలబడ్డ అక్క

మఠకన్య అనగానే మనకు తెల్లగౌను, తలమీద ముసుగు, మెడలో శిలువ గుర్తొస్తాయి. లేదంటే ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెట్టే కాన్వెంటు హెడ్మిస్ట్రెస్! అంతేగానీ టీషర్టు, ఎండటోపీ వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని ఎర్రమట్టి దారిలో నడిచిపోయే డెబ్భయ్యేళ్ల పెద్దావిడ గుర్తుకు రాదు. ఆ సంచిలో ఒక బైబిలు, భూముల తాలూకు కాగితాలు. బ్రెజిల్ దేశంలోని అనాపూ చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఆమె 'ఇర్మా డొరొతీ'. పోర్చుగీసు భాషలో ఇర్మా అంటే తోబుట్టువు. అక్కా అన్నా, చెల్లీ అన్నా అదే మాట.

డొరొతీ స్టాంగ్ పుట్టింది 1931లో, అమెరికాలోని డేటన్ నగరంలో. పదిహేడేళ్లకే, 1948లో నోటర్‌డామ్ సభలో చేరారు. కొన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి 1966లో బ్రెజిల్ వెళ్లారు. తర్వాత ఆ దేశ పౌరసత్వమే తీసుకున్నారు. 1982లో అమెజాన్ అడవుల్లోని అనాపూ చేరారు.

అక్కడ అసలు గొడవ ఏమిటంటారా? 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం అమెజాన్ అడవిని చీలుస్తూ పెద్ద రోడ్డు వేయడం మొదలుపెట్టింది. కరువు ప్రాంతాల్లోని పేదలను రండి, భూమి ఇస్తామని పిలిచింది. పిల్లాజెల్లాతో, తట్టాబుట్టాతో జనం తరలివచ్చారు. వాళ్ల వెనకే కలప వ్యాపారులు, పశువుల ఆసాములు దిగారు. పేదవాడు చదును చేసుకున్న భూమికి తెల్లారేసరికి ఇంకెవరో పత్రాలు పట్టుకొచ్చేవారు. అలాంటి ఆక్రమణదారులను బ్రెజిల్లో 'గ్రిలేరో' అంటారు. గ్రిలో అంటే కీచురాయి. కొత్తగా రాయించిన దొంగ దస్తావేజును కీచురాళ్లున్న పెట్టెలో పడేసేవారట. అవి కొరికి, మురికి చేసి, పసుపురంగు తెప్పిస్తే తాతల నాటి పత్రంలా కనిపించేది! దొంగ పట్టాల సంగతి మనకూ కొత్త కాదుగానీ, ఈ తెలివితేటలకు మాత్రం దండం పెట్టాల్సిందే.

ఇంకో చిక్కు నేలది. అంత పెద్ద చెట్లున్నాయి కదా, భూమి ఎంత సారవంతమో అనుకుంటాం. అమెజాన్‌లో చాలాచోట్ల సారం మట్టిలో ఉండదు, చెట్లలో ఉంటుంది. రాలిన ఆకు కుళ్లగానే వేర్లు మళ్లీ పీల్చేసుకుంటాయి. చెట్లు నరికి తగలబెడితే రెండు మూడేళ్లు పంట వస్తుంది, ఆపైన నేల చవుడుబారినట్టే. అప్పుడు అది పశువుల బీడు అవుతుంది. పేదవాడు ఇంకాస్త లోపలికి జరిగి మళ్లీ గొడ్డలి ఎత్తాలి.

డొరొతీ ఇది కళ్లారా చూశారు. అడవిని నరికితే ముందు బలయ్యేది ఈ పేద సంసారాలేనని ఆమెకు అర్థమైంది. అందుకే అడవి వేరు, బీదలు వేరు అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ప్రభుత్వ భూసంస్కరణల శాఖ వెంటపడి, అడవి మధ్యలోనే ఒక కొత్తరకం సేద్యపు పథకం కోసం పోరాడారు. కుటుంబానికి ఇచ్చిన భూమిలో ఐదోవంతే సాగు. మిగతా నాలుగు వంతులూ అడవిగానే ఉంచాలి. నీడలో కోకో వేసుకోవచ్చు, పండ్లు ఏరుకోవచ్చు. అలా ఏర్పడ్డ ఒక కాలనీ పేరు 'ఎస్పెరాన్సా', అంటే ఆశ.

దేవుణ్ని నమ్ముకున్న మనిషికి చెట్లతో పనేమిటని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బైబిల్లోని ఆదికాండంలో మనిషికి సమస్త ప్రాణుల మీద అధికారం ఇచ్చినట్టు ఒకచోట ఉంది. ఆ మాటను పట్టుకునే పడమటి దేశాల క్రైస్తవం ప్రకృతిని కొల్లగొట్టిందని 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు రాసిన వ్యాసం పెద్ద దుమారమే లేపింది. కానీ అదే ఆదికాండంలో, ఆ తర్వాతి అధ్యాయంలోనే, మనిషిని తోటలో పెట్టింది సాగుచేసి కాయడానికేనని కూడా ఉంది. కాపలాదారు తోటకు యజమాని కాదు కదా! అధికారం సంగతి గుర్తుపెట్టుకుని కాపలా సంగతి మరిచిపోవడం మనిషికి అనుకూలంగా ఉందంతే. డొరొతీ నమ్మింది ఈ రెండో మాటను. పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' లేఖలో పేదల మొరనూ భూమి మొరనూ కలిపి వినమన్నది 2015లో. అప్పటికి ఈమె పోయి పదేళ్లయింది.

ఆసాములకు ఆమె కంట్లో నలుసైంది. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వెళ్లిపొమ్మని అయినవాళ్లు చెప్పినా కదల్లేదు.

2005 ఫిబ్రవరి 12, శనివారం ఉదయం. ఎస్పెరాన్సాలో రైతుల సమావేశానికి నడిచి వెళుతుండగా ఇద్దరు కిరాయి మనుషులు దారి కాశారు. ఆయుధం ఉందా అని అడిగారట. ఆమె సంచిలోంచి బైబిలు తీసి, తన ఆయుధం ఇదేనని చెప్పి, అష్టభాగ్యాల భాగం చదివి వినిపించారని పొదల్లో దాక్కుని చూసిన మనిషి చెప్పాడు. ఆరు తూటాలు దిగాయి. ఆమె వయసు 73. వాళ్లకు ఒప్పుకున్న సొమ్ము యాభై వేల రియాస్ అని కోర్టులో బయటపడింది.

ఆ వారంలోనే బ్రెజిల్ ప్రభుత్వం సైన్యాన్ని దించింది. అదే రాష్ట్రంలో పెద్ద అటవీ ప్రాంతాలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించింది. ముసలావిడ బతికుండగా ఏళ్ల తరబడి అడిగితే కదలని ఫైళ్లు, ఆమె శవం లేచాక కదిలాయి! హంతకులకు త్వరగానే శిక్ష పడింది. చంపించిన ఆసాముల సంగతే అంత తేలిగ్గా తేలలేదు. ఒకడికి 2007లో ముప్ఫై ఏళ్ల జైలు వేశారు, 2008లో మళ్లీ విచారించి వదిలేశారు, 2010లో తిరిగి ముప్ఫై ఏళ్లు వేశారు. రెండోవాడికీ 2010లో అంతే శిక్ష పడినా, అప్పీళ్ల మీద అప్పీళ్లతో చాలాకాలం బయటే తిరిగాడు. 2008లో ఐక్యరాజ్య సమితి ఆమెకు మరణానంతరం మానవ హక్కుల బహుమతి ఇచ్చింది.

అనాపూలో ఆమె సమాధి చెట్ల నీడలోనే ఉంది. అక్కడ ఆమెను పాతిపెట్టలేదు, నాటారని ఊరివాళ్లు అంటారు. పక్కనే ఎర్రరంగు వేసిన కొయ్య శిలువ ఒకటి నిలబెట్టారు. దానిమీద రాసిన పేర్లు, ఆమె తర్వాత అదే భూమి గొడవల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఊరివాళ్లవి.