ముందుగా నడచిన కృప

దైవకృప మనుష్యుని వెదకుకొనుచు తానే వచ్చునని క్రైస్తవ భక్తులు నమ్ముదురు. ఆ నమ్మకమునకు సాక్ష్యము కోరువారు మహాపండితుల గ్రంథములు తిరుగవేయనక్కఱలేదు. ఒంగోలు ప్రాంతమున, తాళ్ళకొండపాడను పల్లెలో, తోళ్ళ వ్యాపారముచేసి బ్రదికిన యెఱ్ఱగుంట్ల పేరయ్య చరిత్రము చాలును.

పేరయ్య మాదిగకులమున జన్మించెను. గుడివాకిలి తన వారికి మూసియుండిన ఆ దినములలో, అతడు గురువు నాశ్రయించి, యోగమార్గమున మనస్సును నిలుపుటకై యేండ్ల తరబడి పాటుపడి, తాను నేర్చినదానిని ఇతరులకును బోధించుచుండెను. అంతటి దాహముగల మనుష్యుడు తోళ్ళ బేరమునకై ఏలూరు దిక్కునకు పోయినపుడు యేసును గూర్చిన మాట వినెను. విని, దానిని విడువలేకపోయెను. అమెరికను బాప్తిస్టు మిషనరీలైన క్లౌ దొర దంపతులు 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరి కాపురము పెట్టునప్పటికి పేరయ్య అదివఱకే బాప్తిస్మము పొందియుండెను. బోధకుని రాకకు ముందే, సంతలకు పోవు బాటమీదనే, కృప అతనిని కలిసికొన్నదని నా దృఢవిశ్వాసము. అతడు చేసిన యోగసాధన వ్యర్థమైనదనియు నేను తలంపను. ఆ తపనయే అతని చెవిని సిద్ధపఱచినది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. పిమ్మట పదేండ్లలోపలనే కరువు వచ్చెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును మాడ్చిన ఆ క్షామములో, క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది ప్రజలకు కూలి కల్పించెను. పనిమీద మేస్త్రీలుగా నిలిచినవారు తెలుగు బోధకులే. మధ్యాహ్నవేళ కూలివాండ్రు పలుగు పార ప్రక్కనబెట్టి సేదదీరునపుడు, ఆ బోధకులు వారి నడుమ కూర్చుండి, అలసినవారిని పిలుచు క్రీస్తును గూర్చి చెప్పిరి. విన్నవారు తమతమ పల్లెలకు ఆ మాటను మోసికొనిపోయిరి.

కూటికై మతము పుచ్చుకొన్నారను నింద నాడును ఉన్నది, నేడును ఉన్నది. ఆ నిందకు జంకియే క్లౌ దొర సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మీయక ఆపెను. కరువుసాయము ముగిసినది, కాలువపని ముగిసినది. జనము మాత్రము వెనుదిరుగలేదు. ఆకలిగొన్న మనుష్యునికి ఆత్మ లేదనుకొనువారే ఆ రాకను అన్నముతో మాత్రము కొలువగలరు.

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లియొద్ద, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, అలసినపుడు మఱియిద్దరికి చోటిచ్చుచు, ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు, నడుమ కొంత విరామముతో, ఆ పని నిర్వహించిరి. క్లౌ దొర స్వయముగా ఒక్కరికిని ఈయలేదు. నాడు ఆ నీటిలో ముంచి లేపిన చేతులన్నియు తెలుగువారి చేతులే.